పుల్-అవుట్ కొళాయి కొనే ముందు ట్యాంక్ ఎత్తు చూసుకోండి

“తిరుపతిలో సొంతిల్లు. వంటింటి సింక్ కొళాయి కారుతోంది. దాని బదులు, షవర్‌లాంటి తలను పైపుతో సహా బయటికి లాగే పుల్-అవుట్ రకం పెట్టుకోవచ్చా?” అని ఒకరు అడిగారు.

పెట్టుకోవచ్చు. కానీ మోడల్ కంటే ముందు ప్రెషర్ చూడండి. ట్యాంక్ నీళ్లు కొళాయి కంటే 10 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 1 బార్ (ప్రెషర్ కొలత) వస్తుంది. మిద్దె మీద ట్యాంక్, దాని కిందే వంటిల్లు అయితే 3, 4 మీటర్లే, అంటే 0.3 నుంచి 0.4 బార్. డబ్బా మీద కనీసం 0.5 బార్ అని ఉంటే షవర్ ధార నీరసంగా పడుతుంది. ప్రెషర్ పంపు పెట్టాలి, లేదా తక్కువ ప్రెషర్‌కి పనికొచ్చే మోడల్ వెతకాలి.

పాతది గోడ కొళాయా? అయితే సింక్‌కో గ్రానైట్‌కో రంధ్రం కావాలి, మామూలుగా 35 మి.మీ. గ్రానైట్ కోయడం మాత్రం మేస్త్రీకే వదిలేయండి, పగిలితే ఖర్చు పెరుగుతుంది. చన్నీళ్ల లైన్ ఒక్కటే ఉంటే వేణ్నీళ్లు, చన్నీళ్లు కలిపే మిక్సర్ కొళాయి అనవసరం.

బిగించేటప్పుడు యాంగిల్ వాల్వ్ (గోడలో పైపు దగ్గర ఉండే చిన్న కొళాయి) మరలకు టెఫ్లాన్ టేప్ చుట్టండి. వాషర్ ఉన్న కనెక్షన్ పైపుకు అక్కర్లేదు, చేత్తో బిగించి స్పానర్‌తో కొంచెం తిప్పితే చాలు. లాగిన తలను వెనక్కి లాగే బరువు గుండును సింక్ కింద లోపలి పైపుకు తగిలించేటప్పుడు అక్కడ గ్యాస్ పైపు, చెత్తబుట్ట అడ్డం రాకూడదు. వస్తే లాగిన తల వెనక్కి పోదు, నేను ఒకసారి అరగంట అవస్థ పడ్డాను. చివరగా షవర్ తల విప్పి నీళ్లు వదలండి, ఇసుక పోతుంది. బోరు నీళ్లయితే నెలకోసారి ఆ తలను వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టండి.