మూడున్నరేళ్ల పాపతో మూడు రోజుల సెలవులు: బెజవాడ చుట్టుపక్కల ఎక్కడికి?

రిపబ్లిక్ డే సోమవారం వచ్చింది కదా, శని, ఆది కలుపుకుని మూడున్నరేళ్ల పాపతో భవానీ ద్వీపం, ఉండవల్లి, కొండపల్లి చుట్టేయొచ్చా అని అడిగారు. చుట్టేయొచ్చు. కాకపోతే రోజుకి ఒక్కటే పెట్టుకోండి, అదీ ఒక్క పూటే. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మేం బాగా దెబ్బతిన్నాం.

నిరుడు మావాడికి మూడేళ్లు నిండిన కొత్తలో ఇలాగే వరసగా సెలవులొచ్చాయి. పొద్దున ఉండవల్లి, మధ్యాహ్నం భవానీ ద్వీపం, సాయంత్రం గాంధీ కొండ అని మావారు ప్లాన్ వేశారు. ఉండవల్లి బాగానే గడిచింది. కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహలు కదా, మెట్లన్నీ నేనే ఎక్కుతానని మొండికేశాడు. పైన చీకటి గదిలో పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామిని చూసి "తాతకి జ్వరమా?" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లంతా ఒకటే నవ్వు. అక్కడితో ఇంటికి తిరిగొస్తే ఎంత బాగుండేదో! పడవ కోసం ఎండలో గంటసేపు క్యూ. ద్వీపం చూసి బయటపడ్డాక భోజనానికి ఒక హోటల్లో కూర్చుంటే, పళ్లెం ముందుకొచ్చేసరికి మూడు దాటింది. వాడు అప్పటికే కుర్చీలో ఒరిగి నిద్రపోయాడు. లేపితే ఏడుపు, కారెక్కితే వాంతి. గాంధీ కొండకి కింద నుంచే దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చేశాం.

అందుకే ఇప్పుడు మా పద్ధతి మారింది. పొద్దున్నే బయల్దేరతాం, ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటాం. మా అత్తగారు పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో సర్దిస్తారు. హోటళ్ల గొడవే లేదు.

భవానీ ద్వీపానికి వెళ్తే మొదటి పడవల్లోనే వెళ్లిపోండి. దాదాపు 130 ఎకరాల ద్వీపం, పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత చోటు. లైఫ్ జాకెట్ మాత్రం చిన్నపిల్లల సైజు అడిగి తీసుకోండి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే అది పెద్దదే, మార్పించండి. ఆ మాట అడగడానికి మొహమాటపడొద్దు. జనవరిలో పర్వాలేదు కానీ, వానాకాలం కృష్ణలో వరద ఎక్కువై ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే పడవలు ఆపేస్తారు, అది గుర్తుపెట్టుకోండి.

కొండపల్లిలో కోట జోలికి పోకండి, ఈ వయసుకి అది వాళ్లకీ మనకీ శిక్షే. తిన్నగా బొమ్మల కాలనీకి వెళ్లండి. ఇళ్ల అరుగుల మీదే పని నడుస్తుంటుంది. తెల్ల పొణికి చెక్కను చెక్కడం, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికించడం అన్నీ కళ్లముందే చూడొచ్చు. ఒకాయన ఇంకా రంగు వెయ్యని ఏనుగుని మావాడి చేతిలో పెట్టారు. అంత ఏనుగు దూదిలా తేలిగ్గా ఉండేసరికి వాడు దాన్ని పైకీ కిందకీ ఎత్తుతూ కదలనంటాడు! మీ పాప ఏదైనా నోట్లో పెట్టుకునే రకమైతే, సహజ రంగులు వేసినవి ఉన్నాయేమో అడిగి కొనండి. ఎనామిల్ వేసినవి షోకేసులోనే బాగుంటాయి.

నన్నడిగితే మాత్రం ఈ మూడూ కాదు, గుంటూరు రైలెక్కమంటాను. నా పుట్టిల్లు బ్రాడీపేట కాబట్టి పక్షపాతం ఉందనుకోండి! మామూలు ప్యాసింజర్, కిటికీ పక్క సీటు. అయిదేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. స్టేషన్ దాటిన కాసేపటికే కృష్ణ వంతెన మీద చప్పుడు మారిపోతుంది, మావాడు రెండు చెవులూ మూసుకుని మరీ నవ్వుతాడు. నదిలో వెయ్యమని రూపాయి బిళ్ల ఇస్తే పిడికిలి బిగించేశాడు. "నీళ్లేవి?" అన్నాడు. నిజమే, బ్యారేజీకి దిగువన కదా, ఆ రోజు కింద నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. వంతెన దాటిపోయింది, రూపాయి వాడి జేబులోకి పోయింది.

గుంటూరులో దిగి ఆటో మాట్లాడుకుంటే ఉప్పలపాడు దగ్గరే. పక్షుల కేంద్రం అంటే అడవిలో ఎక్కడో అనుకునేరు, ఊరి చెరువే. నీళ్లలోని చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. చలికాలం బాగా చేరతాయి. బైనాక్యులర్స్ లేకపోయినా కనిపించేంత దగ్గర్లో ఉంటాయి, చిన్నపిల్లలకి కావలసింది అదే. ఒక గూడబాతు ముక్కు కింద సంచి వేలాడేసుకుని రెక్కలు కొట్టుకుంటూ దిగితే, "అమ్మా, దాని బ్యాగ్‌లో ఏముంది?" అని అడిగాడు. చేపలని చెప్తే, బయటికి తీసి చూపించేదాకా కదలనని కూర్చున్నాడు. రెట్టల వాసన ఉంటుంది, ముందే చెప్తున్నా. తలకి టోపీ కూడా పెట్టండి, ఎండకి మాత్రమే కాదు! గంటన్నరలో చూడటం అయిపోతుంది. మేం అక్కణ్ణుంచి అమ్మ దగ్గరికి వెళ్లి భోంచేసి, వాడు నిద్ర లేచాక సాయంత్రం రైలుకి తిరిగొచ్చాం.

ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తామంటే ఉండవల్లి మెట్లు మోకాళ్లకి కష్టం, ఉప్పలపాడే నయం. ఎక్కడికెళ్లినా రెండు జతల బట్టలు మాత్రం సంచిలో అడుగున కాకుండా పైన పెట్టుకోండి.