డాక్యుమెంటరీ ఎవరిది? ముందు ఆ 25,000 సంగతి తేల్చండి

ప్రశ్న: మాది ఆదోని. కోసిగి వైపు నుంచి గుంటూరు మిరపకోతలకు సుగ్గికి (వలస కూలికి) పోయే కుటుంబాల మీద నేనూ నా మిత్రుడూ కలిసి డాక్యుమెంటరీ తీశాం. కెమెరా నాది. రెండు నెలలు వాళ్లతోపాటే గుడారాల్లో పడుకుని తీశాను. వెనక వినిపించే వ్యాఖ్యానం కూడా నేనే నోటుపుస్తకంలో రాసిచ్చాను. మధ్యలో అతను ఫోనులో 25,000 పంపాడు. 2023 నవంబరులో నా పేరు ఎక్కడా లేకుండా, తన బ్యానరు మీద యూట్యూబులో పెట్టాడు. ఇప్పుడు ఫిలిం ఫెస్టివళ్లకు పంపుతున్నాడు. ఇరవై ఏళ్ల స్నేహం, రాతకోతలు లేవు. మెమరీ కార్డులు ఫార్మాట్ చేసేశాను, ఒక హార్డ్‌డిస్కులో కాపీ ఉంది. 2022 నాటి స్టాంపు పేపరు తెచ్చి ఒప్పందం రాయిస్తానని, సంతకాల సంగతి తనే చూసుకుంటానని ఒకాయన అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బాధంతా స్నేహం గురించి. కేసు మాత్రం మీరు ఒక్క వాక్యంలో దాటేసిన 25,000 దగ్గర ఉంది. అది కూలా, ఖర్చుల్లో వాటానా?

కాపీరైటు చట్టం, 1957 దృష్టిలో సినిమాకు కర్త నిర్మాత. కెమెరా పట్టినవారు కాదు, దర్శకుడు కూడా కాదు. నిర్మాత అంటే తీయాలని పూనుకుని, ఆ బాధ్యత మీద వేసుకున్న వ్యక్తి. వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్నవారే మొదటి హక్కుదారు అని సెక్షన్ 17 చెబుతోంది. ఆ 25,000 మీ పనికి ఇచ్చిన కూలి అని తేలితే, కెమెరా మీదే అయినా చిత్రం మీద మీకు హక్కు రాదు. ఇద్దరూ కలిసి పూనుకున్న పనికి అతని వంతు ఖర్చుగా వచ్చిందని చూపగలిగితే మీరు ఉమ్మడి నిర్మాత అని వాదించడానికి గట్టి ఆధారం ఉన్నట్లే.

కాబట్టి ఆ చెల్లింపు కింద రిమార్కు గడిలో అతను ఏం రాశాడో ముందు చూడండి. దానికి ముందూ వెనకా వాట్సాప్‌లో ఏం మాట్లాడుకున్నారో వెతకండి. వ్యాను బాడుగ, డీజిలు మీ ఖాతా నుంచి పోయి ఉంటే బ్యాంకు ధ్రువీకరించిన స్టేట్‌మెంటు తీసుకోండి, స్క్రీన్‌షాట్లతో సరిపెట్టొద్దు.

కార్డులు ఫార్మాట్ చేయడం క్షమించరాని అజాగ్రత్త. అసలు పరికరాన్నే కోర్టుకు తెచ్చి దాని యజమాని బోనెక్కి చెబితే వేరే సర్టిఫికెట్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఆ అవకాశం మీరే పోగొట్టుకున్నారు. ఇప్పుడున్నది కాపీ. దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైళ్ల హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) రాయాలి. హార్డ్‌డిస్కును ఈ రోజే పక్కన పెట్టండి. ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో తెరవొద్దు, ఫైళ్ల పేర్లు మార్చొద్దు. తెలిసిన నిపుణుడితో, డిస్కులో కొత్తగా ఏమీ రాసుకోకుండా అడ్డుకునే పరికరం పెట్టించి నకలు తీయించండి, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ రాయించుకోండి. ఫైలులో ఒక్క బైటు మారినా ఆ విలువ మారిపోతుంది.

ఇక ఆ స్టాంపు పేపరు. దాని జోలికి వెళ్లొద్దు. స్టాంపు మీద క్రమసంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, అమ్మినవారి రిజిస్టరులోనూ ఉంటాయి. ఆ పేర్లలో మీది ఎలా వస్తుంది? సంతకం చేతిరాత నిపుణుడి ముందుకు వెళుతుంది. భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి సెక్షన్ 336, దొంగ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు 340, కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి 229 ఉన్నాయి. చివరిదానికి ఏడేళ్ల దాకా శిక్ష. ఈ రోజు వాది స్థానంలో ఉన్న మీరు రేపు ముద్దాయి అవుతారు, నిజమైన హక్కు కూడా దానితోపాటే మునిగిపోతుంది.

నిజమైన హక్కు ఉంది, మీరే దాన్ని గమనించలేదు. అది ఆ నోటుపుస్తకం. డబ్బిచ్చి చేయించుకున్నవారిదే హక్కు అనే నియమం ఫొటోలకు, సినిమాలకు వర్తిస్తుంది కానీ రచనకు వర్తించదు. మీరు అతని దగ్గర జీతానికి పనిచేయలేదు కాబట్టి, 25,000 కూలే అని తేలినా వ్యాఖ్యానం మీదే. సినిమా హక్కు ఎవరిదైనా, అందులోని రచన మీద విడి హక్కు అలాగే ఉంటుందని కాపీరైటు చట్టం సెక్షన్ 13(4) చెబుతోంది. ఆ హక్కును రాసిచ్చి సంతకం పెడితే తప్ప బదిలీ కాదు (సెక్షన్ 19). రచయితగా పేరు అడిగే హక్కు సెక్షన్ 57 కింద విడిగా ఉంది. సినిమా కోసమే ఇచ్చావు కదా అని ఎదుటి పక్షం వాదిస్తుంది, కనుక ప్రదర్శన మొత్తాన్ని ఆపించడం తేలిక కాదు. పేరు, డబ్బు గట్టిగా అడగొచ్చు. ఆ పుస్తకంలో ఒక్క గీత కూడా కొత్తగా చేర్చొద్దు. 500 రుసుముతో రచనగా రిజిస్టరు చేయించండి. దరఖాస్తు గురించి మీ మిత్రుడికీ తెలియజేయాలి, అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. దావాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కానీ రుజువుగా పనికొస్తుంది.

కాలపరిమితి మూడేళ్లు. 2023 నవంబరు విడుదలకు పరిహారం అడగాలంటే 2026 నవంబరులోపు దావా పడాలి. తర్వాతి ఫెస్టివల్ ప్రదర్శనలు కొత్త ఉల్లంఘనలు, వాటి లెక్క వేరు. అతను ఎక్కడున్నా, కాపీరైటు చట్టం సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కోర్టులో, అంటే కర్నూలులో వేయొచ్చు. దావా విలువ 3 లక్షలకు తగ్గకుండా ఉంటే అది కమర్షియల్ కోర్టు పరిధి. అప్పుడు అత్యవసర ఉత్తర్వు అడగని పక్షంలో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వాలి. మూడు నెలలు పడుతుంది, ఆ కాలం పరిమితిలోంచి మినహాయిస్తారు.

యూట్యూబుకు ఫిర్యాదు ఇప్పుడే పెట్టొద్దు. కాపీరైటు నియమాల ప్రకారం తీసేసినా, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేలేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. ముందు వ్యాఖ్యానంలో మీ పేరు, వాడకానికి చెల్లించాల్సిన మొత్తం, ఖర్చుల లెక్క కోరుతూ వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజుల గడువు ఇవ్వండి. అందులో స్నేహం ప్రస్తావన వద్దు. 25,000 గురించి ఒక్క మాటా రాయొద్దు, ఆ రిమార్కు ఏమిటో తేలేదాకా.