పెళ్లి ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టుకోకండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. దేవరకొండలో ప్రైవేటు స్కూల్లో టీచర్ని. డిగ్రీ రోజుల నుంచీ ఛాతీ బాగా బరువు. సాయంత్రానికి మెడ, భుజాలు పీకేస్తాయి. ఎండాకాలం వస్తే రొమ్ముల కింద ఒరుసుకుపోయి ఒకటే మంట. బస్టాండులో చూపుల సంగతి చెప్పక్కర్లేదు. తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటానంటే అమ్మ ‘దేవుడిచ్చిన ఒళ్లును కోపిచ్చుకుంటవా? పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటయి’ అంటోంది. సంబంధాలు చూస్తున్నారు. పెళ్లికి ముందే చేయించుకోవాలా? అబ్బాయికి చెప్పాలా?

జవాబు: మీ బాధలో నొప్పి ఒకటి, చూపులు ఒకటి. చూపుల కోసమే అయితే నేను వద్దనే అంటాను. కామెంట్ చేసేవాడికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. నొప్పి సంగతి వేరు. దానికోసం చేయించుకుంటే అది వైద్యమే, ఫ్యాషన్ కాదు. పిల్లలు పుడితే సర్దుకుంటుందన్న అమ్మ మాట కూడా నిజం కాదు. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు రొమ్ములు మామూలుగా ఇంకా పెరుగుతాయి.

అయితే ఆ నొప్పి బరువు వల్లేనా అన్నది ముందు తేల్చుకోండి. మర్రిగూడ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. భగీరథ నీళ్లు రాకముందు మీ చిన్నతనమంతా బోరు నీళ్లే తాగి ఉంటారు కదా? ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టినా మెడ, నడుము బిగుసుకుపోతాయి. తల వంచితే గడ్డం ఛాతీకి ఆనుతోందా, చేతులు తల వెనక్కి పోతున్నాయా చూసుకోండి. ఏ కొంచెం ఇబ్బంది ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించి మెడకు, ముంజేతికి ఎక్స్‌రే తీయించండి. నొప్పికి కారణం అదైతే ఆపరేషన్ చేయించుకున్నా మెడ నొప్పి మెడకే ఉంటుంది.

అది కాదు, బ్రా విప్పాక పట్టీ పడినచోట భుజం మీద గాడి కనిపిస్తోంది, కింద చర్మం మాటిమాటికీ పాసిపోతోంది అంటే బరువు మీదే అనుమానం. బ్రా సైజు కూడా ఒకసారి కొలిపించుకోండి. కౌంటర్లో మగమనిషి ఉంటే ఏదో ఒక సైజు చెప్పి, పొట్లం కట్టించుకుని వచ్చేయడం మనకు అలవాటే. సరైన సైజు, కొన్నాళ్లు ఫిజియోథెరపీ, ఈ రెండింటితోనే తేలిక పడేవాళ్లూ ఉన్నారు.

అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించండి. పూర్తి మత్తు ఇచ్చి రెండు నుంచి నాలుగు గంటలు చేస్తారు. చనుమొన చుట్టూ, అక్కడి నుంచి కిందికి, చాలామందికి రొమ్ము కింది మడతలో కూడా కుట్లు పడతాయి. ఏడాదికి మచ్చలు లేతబడతాయి కానీ పూర్తిగా పోవు. కొందరికి చనుమొన దగ్గర స్పర్శ తగ్గుతుంది. తర్వాత బిడ్డకు పాలివ్వగలిగేవాళ్లు చాలామందే ఉన్నా, చాలక డబ్బాపాలు కలపాల్సి వచ్చేవాళ్లూ ఉంటారు. నా లెక్కలో మీరు అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. రెండు మూడు వారాలు సెలవు కావాలి, ఆరు వారాలు బిందె ఎత్తకూడదు. వేసవి సెలవులు కలిసొస్తాయి గానీ ఆ ఎండల్లో ఆపరేషన్ తర్వాత వేసుకునే బిగుతు బ్రాతో చెమట నరకమే.

బ్యూటీ క్లినిక్ బోర్డు చూసి మాత్రం వెళ్లకండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ చేసినవాళ్లే కావాలి. ఉస్మానియాలో, నిమ్స్‌లో ఆ విభాగాలున్నాయి. బీమా ఉంటే ముందే అడగండి. అందం కోసమంటే ఇవ్వరు, వైద్యపరంగా అవసరమని డాక్టరు రాసిస్తే పరిశీలిస్తారు.

ఇక పెళ్లి. సంబంధం కుదిరి, పిల్లల్ని వెంటనే కనాలనుకుంటే కాన్పులయ్యేదాకా ఆగడమే మేలు. కాన్పుతో ఆకారం మళ్లీ మారుతుంది. నొప్పితో క్లాసులో నిలబడటమే కష్టమవుతుంటే ఆగక్కర్లేదు, సంబంధాలే కొన్నాళ్లు ఆగుతాయి. చేయించుకుంటే అబ్బాయికి చెప్పండి. ఇద్దరూ ఇష్టపడ్డాక, పూలుపండ్లకు ముందు, మీ నోటితోనే చెప్పండి. పెళ్లిళ్ల పేరయ్య చెవిన వేశారో, మీ నొప్పి కాస్తా ఊళ్లో ఇంకేదో రోగం అయిపోతుంది. చెప్పడమే, అనుమతి అడగడం కాదు.

కింద పాసిపోయిన చోటు అమ్మకు ఎప్పుడైనా చూపించారా? చూపించి ఉండరనే అనుకుంటున్నాను. ఒకసారి చూపించండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఆమెనూ వెంట తీసుకెళ్లి, పాల సంగతి డాక్టరును ఆమెనే అడగనివ్వండి.