అనంతపురంలో యాభై ఎకరాల్లో కొత్త పార్కు వేయాలంటే మొదట ఏం చూడాలి?

నీళ్లు. గేటు, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్ అన్నీ ఆ తర్వాతే.

ఇక్కడ ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన, అందులోనూ పెద్ద భాగం సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే. వేసవిలో లాన్‌కు రోజుకు 5 మిల్లీమీటర్లు తడి ఇవ్వాలన్నా ఎకరాకు 20 వేల లీటర్లు కావాలి. బోర్లను నమ్ముకుని పదెకరాల గడ్డి పరిచారంటే మార్చికల్లా ట్యాంకర్లు పిలవాల్సిందే! కాబట్టి లాన్ పిల్లలు ఆడుకునే చోటికే సరిపెట్టి, చెట్లకు శుద్ధి చేసిన మురుగునీటిని డ్రిప్‌తో ఇవ్వడం మేలు.

తర్వాత నేల వాలు. సర్వే చేయించి, పల్లంలో కుంట తవ్వాలి. స్థలంలో వంక ఉంటే పూడ్చి వాకింగ్ ట్రాక్ వేయొద్దు. 2022 అక్టోబర్‌లో నడిమి వంక పొంగి కాలనీలు మునిగిన సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

చెట్లంటారా, వేప, కానుగ, చింత, మర్రి చాలు. ఎర్రనేలకు, ఎండకు తట్టుకుంటాయి, నీడ కూడా ఇస్తాయి. వానలు మొదలవగానే నాటి, మొదటి మూడేళ్లు మాత్రం నీళ్లు తప్పకుండా పెట్టాలి. కట్టడాల పని ఆగినా ఫర్వాలేదు, మొక్కలు ముందు పడాలి. నీడ లేని పార్కుకు ఏప్రిల్‌లో ఎవరొస్తారు?

మాలీల జీతాలు, మరుగుదొడ్ల శుభ్రతకు ఏటా డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ప్రారంభోత్సవానికి ముందే తేల్చుకోవాలి.