టామ్‌క్యాట్‌లో 404, ఆ తర్వాత తేదీల గొడవ

ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచే వార్ ఫైలును (జావా వెబ్ అప్లికేషన్ మొత్తాన్ని కట్టిన మూట) అమెజాన్ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న 1 జీబీ ఈసీ2 మెషీన్‌లో, టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) కింద పెడితే హోం పేజీ వస్తోంది, లాగిన్ నొక్కగానే 404 (పేజీ దొరకలేదు) వస్తోందని మీరు అడిగారు. సెక్యూరిటీ గ్రూప్ (ఏ పోర్ట్‌లోకి ఎవరిని రానివ్వాలో చెప్పే అమెజాన్ ఫైర్‌వాల్) జోలికి పోకండి. 404 వస్తోందంటే పోర్ట్ తెరిచే ఉంది, టామ్‌క్యాట్ పలుకుతోంది.

రెండు చోట్లా టామ్‌క్యాట్ వెర్షన్ ఎంతో చూడండి. కాటలినా లాగ్ (టామ్‌క్యాట్ తన సంగతులు రాసుకునే ఫైలు) మొదట్లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో 9, సర్వర్‌లో 10 అయితే దొంగ దొరికినట్టే. 10 నుంచి సర్వ్‌లెట్ (బ్రౌజర్ అడిగినదానికి జవాబిచ్చే జావా కోడ్) ప్యాకేజీల పేర్లలో 'జావాఎక్స్' పోయి 'జకార్తా' వచ్చింది. పాత పేరుతో అనొటేషన్ (ఏ అడ్రస్‌కు పలకాలో చెప్పే గుర్తు) పెట్టిన సర్వ్‌లెట్‌ను కొత్త టామ్‌క్యాట్ అసలు పట్టించుకోదు. లాగ్‌లో ఎర్రర్ కూడా పడదు, అదీ మంట. సర్వర్‌లోనూ 9 వేసేస్తే తేలిక. లేదంటే వార్‌ను వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో కాకుండా, దాని పక్కన 'వెబ్‌యాప్స్-జావాఈఈ' అనే ఫోల్డర్ చేసి అందులో వేయండి, ఆ పేర్లను 10 తనే మార్చుకుంటుంది.

ఇది సర్దుకున్నాక నాకు అసలు టెన్షన్ మొదలైంది. విడవలూరు దగ్గర రొయ్యలు కొనే ఆయనకు బిల్లుల అప్లికేషన్ చేసిచ్చాను. పట్టుబడి తెల్లవారుజామున. మూడింటికి గుంట గట్టు మీద కాటా వేసి, 40 కౌంట్ (కిలోకు 40 రొయ్యలు) అని ఫోన్‌లో ఎక్కిస్తే చీటీ మీద ముందురోజు తేదీ, దాంతోపాటు ముందురోజు రేటు! "నిన్న వలే వెయ్యలేదు, ఇదెక్కడి చీటీ సామీ?" అని రైతు. నేను పగలు ఎన్నిసార్లు చూసినా అంతా సరిగ్గానే ఉండేది.

సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా దానికి ఇంకా నిన్నే. రీజియన్ (అమెజాన్ సర్వర్లుండే చోటు) ముంబై నుంచి హైదరాబాద్‌కు మార్చినా ఇది మారదు, నేను మార్చి మరీ చూశాను. టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లో సెట్‌ఎన్వ్ ఫైలు (టామ్‌క్యాట్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగులు) పెట్టి, అందులో జావా టైమ్‌జోన్ 'ఆసియా/కోల్‌కతా' అని రాశాక కుదిరింది. డేటాబేస్‌కు దాని టైమ్‌జోన్ దానికి ఉంటుంది, అదీ చూసుకోండి. నేను చూసుకోలేదు, ఇంకో రెండు రోజుల చీటీలు చేత్తో దిద్దాల్సి వచ్చింది.

మీది 1 జీబీ మెషీన్ అన్నారు కదా. మైఎస్క్యూఎల్ కూడా దాంట్లోనే ఉంటే, మెమరీ చాలక లైనక్స్ ఏదో ఒకరోజు జావాను చడీచప్పుడు లేకుండా చంపేస్తుంది. అదే సెట్‌ఎన్వ్ ఫైలులో హీప్‌కు (జావా వాడుకునే మెమరీ) హద్దు పెట్టి, మెషీన్‌కు కొంచెం స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) కూడా ఇవ్వండి.