సర్వర్ గది ప్రశ్నలు: ఎన్ని సెకన్లకోసారి కొలవాలి?

ఈ నెల బెంగళూరు పాఠకుల ఉత్తరాల్లో వర్చువల్ మెషీన్ల (వీఎంలు, అంటే ఒకే సర్వర్లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) మానిటరింగ్ గురించి వచ్చిన నాలుగింటికి జవాబులు.

ప్రశ్న: ఒక వీసెంటర్ (వీఎంవేర్ సర్వర్లన్నిటినీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్), దాని కింద 6 హోస్టులు (వీఎంలు నడిచే అసలు సర్వర్లు), 200 వీఎంలు ఉన్నాయి. జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐటెమ్‌ల (ఒక్కో కొలతకు ఒక్కో ఐటెమ్) అప్‌డేట్ ఇంటర్వల్‌ను 1 నిమిషం నుంచి 15 సెకన్లకు దించాను. అయినా గ్రాఫ్ నిమిషానికోసారే కదులుతోంది. లేటెస్ట్ డేటాలో ఒకే అంకె వరసగా నాలుగుసార్లు కనిపిస్తోంది. డేటాబేస్ మాత్రం ఉబ్బిపోతోంది.
– ఎం.ఆర్., మారతహళ్లి

జవాబు: మీరు మార్చింది అడిగే వేళని, తెచ్చే వేళని కాదు. జాబిక్స్‌లో వీఎంవేర్ ఐటెమ్‌లు వీసెంటర్‌ను నేరుగా అడగవు. వీఎంవేర్ కలెక్టర్ అనే ప్రాసెస్ వెళ్లి అంకెలన్నీ తెచ్చి కాష్‌లో (మెమరీలోని తాత్కాలిక నిల్వలో) పెడుతుంది, ఐటెమ్ అక్కడినుంచి తీసుకుంటుంది. కావేరి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో గంటగంటకూ కుళాయి తిప్పితే ఏమొస్తుంది?

జాబిక్స్ సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైల్లో రెండు వరసలు చూడండి: వీఎంవేర్ ఫ్రీక్వెన్సీ, వీఎంవేర్ పెర్ఫ్ ఫ్రీక్వెన్సీ. రెండింటికీ డిఫాల్ట్ 60 సెకన్లే. పెర్ఫార్మెన్స్ కౌంటర్ల ఐటెమ్‌లకు రెండోది, మిగతావాటికి మొదటిది లెక్క. 10 దాకా దించొచ్చు గానీ, ఈఎస్ఎక్స్ఐ (వీఎంవేర్ హోస్టులో నడిచే సాఫ్ట్‌వేర్) హోస్టే 20 సెకన్లకో కొలత తీస్తుంది కాబట్టి పెర్ఫార్మెన్స్ కౌంటర్లకు అంతకన్నా తగ్గించడం దండగ. వరస ముందున్న హ్యాష్ గుర్తు చెరిపేయండి, అది ఉన్నంతవరకు ఆ వరసని జాబిక్స్ చదవదు. సేవ్ చేశాక సర్వర్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి. మీ వీసెంటర్‌ని ప్రాక్సీ (సర్వర్ తరఫున అంకెలు సేకరించే జాబిక్స్ ప్రోగ్రామ్) ద్వారా చూస్తుంటే ఈ మార్పులన్నీ ప్రాక్సీ ఫైల్లో చేయాలి. సర్వర్ ఫైల్ దిద్ది, ఏమీ మారలేదేమని తల పట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

వేగం పెంచితే ఇంకో రెండు పక్కలా చూసుకోవాలి. కలెక్టర్ల సంఖ్య ఒక వీసెంటర్‌కు 2, మూడుంటే 5 సరిపోతుంది. డిఫాల్ట్ సున్నా గనక ఎవరో ఒకరు ఇదివరకే పెట్టే ఉంటారు, అంకె సరిచూడండి. వీఎంవేర్ కాష్ డిఫాల్ట్ 8 ఎంబీ. 200 వీఎంలకు 64 ఎంబీ ఇచ్చేయండి, ర్యామ్‌లో అదో లెక్క కాదు. కాష్ నిండితే, దాన్ని పెంచమని లాగ్‌లో రాసి సర్వర్ ఆగిపోతుంది. వీసెంటర్ నెమ్మదిగా ఉంటే 10 సెకన్ల టైమౌట్‌ని 30 చేయండి.

ఇక డేటాబేస్ సంగతి. జాబిక్స్ లెక్కల్లో ఒక అంకెల విలువకు సుమారు 90 బైట్లు. వీఎంకి 20 ఐటెమ్‌ల చొప్పున 4,000 అనుకుందాం. 5 నిమిషాలకోసారి అయితే రోజుకు దాదాపు 104 ఎంబీ, నిమిషానికోసారి అయితే 518 ఎంబీ, మీ 15 సెకన్లకు 2 జీబీ పైనే. అందులో నాలుగింట మూడొంతులు పాత అంకెల నకళ్లే. కాబట్టి సీపీయూ, డిస్క్ లేటెన్సీలకు (డిస్క్ జవాబివ్వడానికి పట్టే సమయానికి) 1 నిమిషం, డేటాస్టోర్ (వీఎంల ఫైళ్లుండే నిల్వ) ఖాళీకి 10 నిమిషాలు ఇచ్చి, పవర్ స్టేట్ లాంటివాటికి ప్రీప్రాసెసింగ్‌లో మారని విలువను వదిలేసే ఆప్షన్‌ని 1 గంట హార్ట్‌బీట్‌తో, అంటే మారకపోయినా గంటకోసారి దాచేలా, పెట్టండి. ఆ ఐటెమ్ మీద 'డేటా రాలేదు' అని అరిచే ట్రిగ్గర్ ఉంటే దాని గడువు గంటకు మించి ఉండాలి, లేకపోతే ఊరికే అలారం మోగుతుంది.

ఉదయం లాగిన్ల తాకిడి మాత్రమే దగ్గరగా చూడాలంటే, మామూలు ఇంటర్వల్ 5 నిమిషాలు ఉంచి, కస్టమ్ ఇంటర్వల్స్‌లో ఫ్లెక్సిబుల్ కింద 1 నిమిషం, 1-5,09:00-11:00 అని రాయండి. 1-5 అంటే సోమవారం నుంచి శుక్రవారం. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే ఆ 9 గంటలు మనకు మధ్యాహ్నం 2:30. అప్పుడు 03:30-05:30 అని రాయాల్సి ఉంటుంది.

ప్రశ్న: వీసెంటర్‌లో ఒక వీఎం 'సీపీయూ రెడీ' అంకె రియల్ టైమ్ చార్టులో 2,000 మిల్లీసెకన్లు చూపిస్తోంది. ఒక రోజు చార్టులో ఎప్పుడూ 6,000 దాటే ఉంటోంది. ఏది నమ్మాలి? రాత్రి 2 గంటలకు వచ్చిన లోడు జోరు పొద్దున చూస్తే మాయమవుతోంది కూడా.
– ఎస్.వి., వైట్‌ఫీల్డ్

జవాబు: రెండూ నిజమే, భాగహారం వేరు. రెడీ అంటే ఆ కొలత కాలంలో సీపీయూ కోసం కాచుకున్న మొత్తం. రియల్ టైమ్ చార్టులో ఒక కొలత 20,000 మిల్లీసెకన్లకు, ఒక రోజు చార్టులో 3,00,000కు. అందుకే 2,000 అంటే 10 శాతం, 6,000 అంటే 2 శాతమే. 4 వీసీపీయూల (వీఎంకి ఇచ్చిన వర్చువల్ సీపీయూల) వీఎం మొత్తం అంకె అయితే మళ్లీ 4తో భాగించండి: 10 కాస్తా 2.5 అవుతుంది. చార్టు కాలం చూడకుండా మిల్లీసెకన్ల మీద అలారం పెట్టడం కన్నా శాతంలోకి మార్చి పెట్టడమే మేలు.

జోరు మాయం కావడానికి కారణం ఉంది. 20 సెకన్ల కొలతలు ఒక గంటే ఉంటాయి. తర్వాత 5 నిమిషాల లెక్క ఒక రోజు, 30 నిమిషాలది వారం, 2 గంటలది నెల, రోజు లెక్క ఏడాది. 40 సెకన్ల జోరు 5 నిమిషాల్లో కలిసిపోతుంది. వీసెంటర్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద స్టాటిస్టిక్స్ ఎడిట్ చేస్తే, 5 నిమిషాల వరసని 1 నిమిషం దాకా దించొచ్చు. అక్కడే హోస్టులు, వీఎంల సంఖ్య ఇస్తే ఎంత చోటు పడుతుందో అంచనా వస్తుంది. అది చూడకుండా నొక్కకండి. ఎన్ని రకాల కొలతలు దాచాలో చెప్పే లెవెల్‌ని మాత్రం 1లోనే ఉంచండి. 3, 4 లెవెళ్లు ఏదైనా సమస్య వెతికే రెండు మూడు గంటలకే. పెంచినవాళ్లు తగ్గించడం మరిచిపోతారు.

ప్రశ్న: కేవీఎం (లైనక్స్‌లో వీఎంలు నడిపే వ్యవస్థ) హోస్టులో వీఎం మెమరీ గ్రాఫ్ గీత గీసినట్టు కదలకుండా ఉంది. లోపల మెమరీ మాత్రం పెరుగుతోంది, తగ్గుతోంది.
– కె.ఎల్., ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: కలెక్టర్ ఇంటర్వల్ తప్పు కాదు. గెస్ట్ (వీఎం లోపలి ఆపరేటింగ్ సిస్టమ్) మెమరీ లెక్కని హోస్టుకి చెప్పేది దాని లోపలి బెలూన్ డ్రైవర్, దానికి ఎన్ని సెకన్లకోసారి చెప్పాలో ఎవరూ చెప్పలేదు. విర్ష్‌లో (కేవీఎం వీఎంలను కమాండ్లతో నడిపే సాధనంలో) డామ్ మెమ్ స్టాట్ కమాండ్‌తో వీఎం పేరిచ్చి చూడండి: 'లాస్ట్ అప్‌డేట్' అంకె మళ్లీ మళ్లీ చూసినా అదే అయితే ఇదే జబ్బు. అదే కమాండ్‌కి పీరియడ్ 10 ఇచ్చి, లైవ్, కాన్ఫిగ్ ఆప్షన్లు రెండూ కలపండి. కాన్ఫిగ్ లేకపోతే వీఎం ఆపి మళ్లీ లేపగానే పోతుంది. కలెక్టర్ నిమిషానికోసారి వస్తుంటే 10 సెకన్లు చాలు, 1 పెట్టనక్కర్లేదు. విండోస్ గెస్ట్ అయితే విర్ట్ఐఓ బెలూన్ డ్రైవర్‌తోపాటు దాని సర్వీస్ కూడా నడుస్తుండాలి.

ప్రశ్న: డిస్క్ ఆదా కోసం ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్క్రేప్ ఇంటర్వల్ (కొలతలు తెచ్చే వ్యవధి) 10 నిమిషాలు చేశాను. గ్రాఫులు ముక్కలైపోయాయి.
– డి.పి., యశవంతపుర

జవాబు: ప్రొమీథియస్ చివరి విలువ కోసం డిఫాల్ట్‌గా 5 నిమిషాలే వెనక్కి చూస్తుంది. 10 నిమిషాలకోసారి విలువ వస్తే మధ్యలో 5 నిమిషాలు ఖాళీ. 2 నిమిషాలకు మించకండి. రేట్ లెక్కకు (విలువ ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పేది) కనీసం రెండు కొలతలు కావాలి కాబట్టి అది వెనక్కి చూసే కాలం ఇంటర్వల్‌కి నాలుగింతలు, అంటే 2 నిమిషాలకు 8 నిమిషాలు ఇవ్వండి. డిస్క్ ఆదా కావాలంటే దాచే రోజులు తగ్గించండి, పనికిరాని మెట్రిక్‌లను రీలేబుల్ నియమాలతో (ఏ కొలతలు ఉంచాలో, ఏవి వదలాలో చెప్పే సెట్టింగ్‌తో) వదిలేయండి.