జింకు పూత రేకుల వెల్డింగ్, సాయంత్రపు చలిజ్వరం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మీ తమ్ముడికి జింకు పూత రేకులు అతికిన రోజు రాత్రి చలిజ్వరం వచ్చి, మర్నాటికల్లా తగ్గిపోతున్నదని, సెలవు మర్నాడు మరీ ఎక్కువగా ఉంటున్నదని రాశారు. మలేరియా పరీక్ష చేయించడం మంచిదే కానీ, ఈ లక్షణాలు లోహపు పొగ పీల్చడం వల్ల వచ్చే లోహధూమ జ్వరానివిగా కనిపిస్తున్నాయి. జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగి, ఆ ఆవిరి జింక్ ఆక్సైడ్ పొగగా మారి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రోజూ పీల్చడంతో ఒంటికి అబ్బిన ఓర్పు సెలవులో పోతుంది. పాలు తాగితే చాలన్న మాట నమ్మవద్దు, పొగ వెళ్లేది కడుపులోకి కాదు. అతుకు చుట్టూ రెండంగుళాల మేర పూతను ముందే గీకించి, పొగను లాగే ఫ్యాను పెట్టించి, చేతిరుమాలుకు బదులు ఎన్95 మాస్కు కట్టించండి. ఆయాసం వస్తే మాత్రం కాడ్మియం అనే విషపూరిత లోహపు పొగ కూడా కారణం కావచ్చు కనుక, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏ లోహం మీద పని చేశాడో వైద్యుడికి తప్పక చెప్పండి.